సెల్ఫ్ తిరిగితే సగం జవాబు దొరికినట్టే

తాళం తిప్పితే సెల్ఫ్ శుభ్రంగా తిరుగుతుంది. ఇంజిన్ మాత్రం అందుకోదు. రర్-రర్-రర్ అని ఎంతసేపు కొట్టినా అదే వరస. ఈ స్థితిలో ఉన్న కారు మనకు ఎన్ని సంగతులు చెబుతుందో ఈమధ్యే తెలిసింది. తెలిసినప్పటి నుంచి కనబడిన ప్రతివాళ్లకీ చెబుతూనే ఉన్నాను. కూరగాయల బండి దగ్గర చెప్పాను, పెళ్లి భోజనాల బంతిలో చెప్పాను, బ్యాంకులో వరసలో నిలబడి ముందున్నావిడకీ చెప్పాను. ఇంత అందమైన విద్య మన ఊళ్లోనే, రేకుల షెడ్ల కింద, గ్రీజు చేతుల్లో ఉందే! దీని గురించి ఇన్నాళ్లూ మనకెవరూ ఎందుకు చెప్పలేదు?

సందర్భం చిన్నదే. మాది మూడు సిలిండర్ల చిన్న పెట్రోల్ కారు. ఎండలో గుడివాడ వెళ్లి తిరిగొస్తూ టీకి ఆగితే మళ్లీ స్టార్ట్ కాలేదు. అరగంట చెట్టు కింద కూర్చున్నాక ఏమీ జరగనట్టే స్టార్టయింది. కొన్నాళ్లకు మళ్లీ అదే తంతు. ఒకరు బ్యాటరీ మార్చమన్నారు, ఇంకొకరు ట్యాంకులో మోటారు పోయిందన్నారు, మరొకరు ప్లగ్గులన్నారు. ఎవరూ బండిని చూడలేదు, అందరూ పార్టు పేరు మాత్రం చెప్పేశారు. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. లారీ బాడీలు కట్టే సమ్మెట మోతల మధ్య ఆయనది చిన్న షెడ్డు.

బండి అప్పుడు చక్కగా నడుస్తోంది. ఆయన బానెట్ ఎత్తనే లేదు. "నడుస్తున్న బండిలో ఏం వెతకమంటారమ్మా? మొరాయించనివ్వండి, అప్పుడు చూద్దాం" అన్నారు. ఏసీ వేసి, బానెట్ మూసే ఉంచి, ఫ్యాను రెండు మూడుసార్లు తిరిగేదాకా ఇంజిన్ని అలాగే వదిలేశారు. తర్వాత తాళం ఆపేసి టీ చెప్పారు. నడిచేటప్పుడు కంటే ఆపిన తర్వాతే బానెట్ కింద వేడి పెరుగుతుందట! నడుస్తుంటే గాలి తగులుతుంది, నీళ్లు తిరుగుతుంటాయి. ఆపగానే ఆ రెండూ ఆగిపోతాయి. ఇంజిన్ దిమ్మలో ఉన్న వేడంతా చుట్టుపక్కల ఉన్న ప్లాస్టిక్ ముక్కలకీ వైర్లకీ ఎక్కుతుంది. రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు రాని జబ్బు టీ కొట్టు దగ్గర ఎందుకు వస్తుందో అక్కడే తేలిపోయింది. తప్పు పట్టుకోవాలంటే ముందు తప్పును రప్పించాలన్న ఆలోచనకే నేను ముగ్ధురాలినైపోయాను.

టీ తాగి తాళం తిప్పితే, అనుకున్నట్టే, సెల్ఫ్ తిరిగింది, బండి అందుకోలేదు. ఆయన ముఖంలో సంతోషం చూడాలి!

ముందు విన్నారు. ఊరికే విన్నారు. ఆ చప్పుడులో ఎంతుందో చెప్పారు. సెల్ఫ్ జోరుగా తిరిగిందంటే బ్యాటరీలో సత్తువ ఉంది, లావు కేబుళ్లు బాగున్నాయి, సెల్ఫ్ మోటారు బాగుంది, ఇంజిన్ జామ్ కాలేదు. ఒక్క చప్పుడుతో సగం కారు నిర్దోషిగా బయటికి వచ్చేసింది. నాకు బ్యాటరీ మార్చమన్న సలహా అప్పుడే తేలిపోయింది.

ఆ చప్పుడుకి ఒక లయ కూడా ఉంటుంది. సెల్ఫ్ ఇంజిన్ని సుమారుగా నిమిషానికి 200 నుంచి 250 చుట్లు తిప్పుతుంది. 240 అనుకుందాం. అంటే సెకనుకి 4 చుట్లు. మూడు సిలిండర్ల ఇంజిన్లో రెండు చుట్లకి మూడుసార్లు గాలి అణుగుతుంది. కాబట్టి సెకనుకి ఆరుసార్లు సెల్ఫ్ మీద బరువు పడి తేలుతుంది. మనకు వినబడే రర్-రర్-రర్ అదే. లోపల పిస్టన్ గాలిని నొక్కుతున్న చప్పుడు! ఆరోగ్యంగా ఉన్న పెట్రోల్ ఇంజిన్లో ఆ నొక్కుడు 10 నుంచి 13 బార్ దాకా ఉంటుంది. టైర్లో మనం కొట్టించే గాలి 2 బార్ పైచిలుకే.

ఆ లయ పోయి, సెల్ఫ్ ఏ బరువూ లేనట్టు ఝుయ్యిమని తేలిగ్గా తిరిగిందా? టైమింగ్ బెల్టు తెగిందేమోనని అనుమానించాలి. బెల్టు తెగితే వాల్వులు తెరుచుకోవాల్సినప్పుడు తెరుచుకోవు, మూసుకోవాల్సినప్పుడు మూసుకోవు, గాలి అణగదు. అప్పుడు ఇంకోసారి సెల్ఫ్ కొట్టకూడదు. చాలా ఇంజిన్లలో పిస్టన్లు వెళ్లి వాల్వులకు కొట్టుకుని వాటిని వంచేస్తాయి. లయ ఉండి ఒక్కో దెబ్బకీ మధ్య ఎడం ఎక్కువైతే, మూలుగుతూ తిరిగితే, బ్యాటరీ నీరసించింది. ఇందులో ఇంకో తమాషా ఉంది. నిండుగా ఉన్న బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు కొంత దిగుతుంది. అది 9, 9న్నర కంటే కిందికి జారితే సెల్ఫ్ ఎలాగో తిరుగుతుంది గానీ ఈసీఎంకి, అంటే ఇంజిన్ కంప్యూటర్‌కి, పని చేసే శక్తి చాలకపోవచ్చు. ఇంజిన్ తిరుగుతుంటుంది, దాన్ని నడిపించాల్సిన బుర్ర స్పృహలో ఉండదు.

మా బండికి లయ సరిగ్గానే ఉంది. అంటే గాలి అణుగుతోంది.

ఇక ఇంజిన్ అడిగేవి ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నికోలాస్ ఓటో 1876లో నాలుగు స్ట్రోకుల ఇంజిన్ తిప్పిన నాటి నుంచి నేటి పెట్రోల్ కారు దాకా ఈ ఇంజిన్ అడిగేది అదే: ఇంధనం కలిసిన గాలి, ఆ గాలిని అణిచే నొక్కుడు, సరిగ్గా సమయానికి ఒక నిప్పురవ్వ. ఈ మూడూ వేళకు అందితే మండి తీరాలి. మండలేదంటే ఏదో ఒకటి అందలేదు. బానెట్ కింద అన్ని వైర్లు, గొట్టాలు, డబ్బాలు చూసి బెదిరిపోతాం గదా, వాటిలో చాలా భాగం ఈ మూడింటికీ సేవ చేసేవే. ఇది తెలిసిన క్షణంలో ఆ ఇనుప అడవికి దారులు కనబడ్డాయి నాకు.

పెట్రోల్ వస్తోందా లేదా తెలుసుకోవడానికి మొదటి పరీక్షకి పనిముట్టే అక్కర్లేదు. చుట్టూ చప్పుడు లేకుండా చూసుకుని, తాళం స్టార్ట్ దాకా తిప్పకుండా, లైట్లు వెలిగే చోట ఆపి చెవి వెనక సీటు వైపు పెట్టాలి. చాలా కార్లలో సన్నగా 'జ్యీఁ' అని రెండు సెకన్లు వినబడి ఆగిపోతుంది. అది ట్యాంకులో పెట్రోల్ మోటారు. పైపులో ఒత్తిడి నింపి, ఇంజిన్ తిరిగే జాడ అందకపోతే ఆగిపోతుంది. ఆపేదెవరు? ఈసీఎం. ప్రమాదంలో బండి పల్టీ కొట్టి ఇంజిన్ ఆగిపోయినా మోటారు మాత్రం పెట్రోల్ చిమ్ముతూ ఉండకూడదని ఈ ఏర్పాటు. ఎంత ముందుచూపు! కొన్ని ఫోర్డ్, ఫియట్ కార్లలోనైతే దీనికోసం విడిగా ఒక మీట ఉంటుంది. గట్టి కుదుపు తగిలితే అది ఎగిరి పెట్రోల్ మోటారుకి కరెంటు తెంపేస్తుంది. గుంతలో పడి లేచిన తర్వాత బండి స్టార్ట్ కాకపోతే ఆ మీటని వేలితో నొక్కితే చాలు.

ఆ రెండు సెకన్ల చప్పుడు రాకపోతే ముందు ఫ్యూజు చూడాలి, తర్వాత రిలే. అదే ఫ్యూజు పెట్టెలో హారన్‌కో ఫ్యాన్‌కో అదే నంబరు రిలే ఉంటే అటుదిటు మార్చి చూడొచ్చు, పైసా ఖర్చు లేదు. అప్పటికీ రాకపోతే మోటారు దగ్గరికి కరెంటు వెళ్తోందో లేదో టెస్ట్ ల్యాంపు పెట్టి చూస్తారు. కరెంటు వెళ్తున్నా, ఎర్తు బాగున్నా తిరగలేదంటేనే మోటారు పోయినట్టు. ఈ వరసలో వెళ్తే ట్యాంకు దించే అవసరం చాలాసార్లు పడదు. చప్పుడు వచ్చినంత మాత్రాన పెట్రోల్ సరిపడా వస్తోందనుకోకూడదని మాత్రం మేస్త్రి గట్టిగా చెప్పారు. నిజం చెప్పేది గేజీ. మామూలు పెట్రోల్ కార్లలో పైపు ఒత్తిడి 3 బార్ చుట్టుపక్కల ఉండాలి. ఫిల్టర్ మూసుకుపోయినా, మోటారు అరిగిపోయినా చప్పుడు ఉంటుంది, ఒత్తిడి ఉండదు. ఆ మోటారుని చల్లబరిచేది దాన్ని చుట్టుకున్న పెట్రోలే. ఎప్పుడూ ట్యాంకు అడుగంటేదాకా నడిపేవాళ్ల బండ్లలో అది తొందరగా పోవడానికి కారణం అదే. ఇది విన్న రోజు నుంచి పావు ట్యాంకు దిగకుండా పోయిస్తున్నాను.

ముక్కుకీ పని ఉంది. చాలాసేపు సెల్ఫ్ కొట్టాక సైలెన్సర్ దగ్గర పచ్చి పెట్రోల్ వాసన గుప్పుమంటే పెట్రోల్ వస్తోంది, మండటం లేదు. ప్లగ్గు విప్పితే తడిగా ఉంటుంది. ఏ వాసనా లేక, ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదు. ఎంత తేలిక!

ప్లగ్గులు పెట్రోల్‌తో తడిసి ముద్దయినప్పుడు చేసే పని విని నేను ఆశ్చర్యంతో రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాను. యాక్సిలరేటర్ని పూర్తిగా కిందికి తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలట. అంత తొక్కితే ఇంకా ఎక్కువ పెట్రోల్ పోదూ? పోదు! ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న చాలా కార్లలో, ఇంజిన్ ఇంకా స్టార్ట్ కాకముందు పెడల్ నేలకి తాకితే ఈసీఎం దాన్ని వేరే రకంగా అర్థం చేసుకుంటుంది. లోపల తడిసిపోయింది, ఆరబెట్టమంటున్నారని గ్రహించి ఇంజెక్టర్లను మూసేస్తుంది. గాలి ఒక్కటే లోపలికి వెళ్లి తడి ఆరిపోతుంది. ఇలాంటి ఏర్పాటు మన కారులోనే ఉంది, మన కాలి కిందే ఉంది!

తర్వాత నిప్పురవ్వ. ప్లగ్గు విప్పి, దాని ఒంటిని ఇంజిన్ ఇనుముకి ఆనించి సెల్ఫ్ కొడితే నీలంగా చిటపటమనాలి. 12 వోల్టుల బ్యాటరీ నుంచి 20,000 వోల్టులకు పైగా పుట్టించేది ఆ చిన్న కాయిల్. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే అందులో పనిచేసేది. ఈ పరీక్ష మీరూ నేనూ చేసేది కాదు. అంత వోల్టేజి చేతికి తగిలితే ప్రమాదం, పక్కన పెట్రోల్ ఆవిరి ఉంటే ఇంకా ప్రమాదం. మేస్త్రి ముందు ఇంజెక్టర్ల ఫ్యూజు తీసేసి, ప్లగ్గుని పట్టకారుతో పట్టుకుని, రవ్వ చూసే విడి పనిముట్టుతో చూశారు. మా బండిలో రవ్వ లేదు. ఫ్యూజు మళ్లీ పెట్టి, ఇంజెక్టర్ కనెక్టర్‌కి చిన్న బల్బు తగిలించి సెల్ఫ్ కొట్టారు. అది మిణుకు మిణుకు మనాలి. అదీ వెలగలేదు.

ఇక్కడ ఆయన చేసిన ఆలోచన నాకు జీవితాంతం గుర్తుంటుంది. రవ్వ ఒక్కటే రాకపోతే కాయిల్, ప్లగ్గులు, వాటి వైర్లు చూడాలి. ఇంజెక్టర్లే పని చేయకపోతే వాటి దారి చూడాలి. రెండూ ఒకేసారి, ఒకే క్షణంలో ఆగిపోయాయంటే? రెండు వస్తువులు ఒకే రోజు కూడబలుక్కుని పోవు. రెండింటికీ ఉమ్మడిగా పైన ఉన్నదేదో పోయింది. ఈసీఎంకి కరెంటు అందకపోవచ్చు. తాళాన్ని బండి గుర్తుపట్టకపోవచ్చు. లేదా ఇంజిన్ తిరుగుతోందన్న కబురే ఈసీఎంకి అందకపోవచ్చు. అంతే, మూడే దారులు. వందల పార్టులున్న బండి పావుగంటలో మూడు ప్రశ్నలకి కుదించుకుపోయింది!

"ముల్లు చూస్తూ సెల్ఫ్ కొట్టండమ్మా" అన్నారు.

కొట్టాను. మీటర్లో ఆర్‌పీఎం ముల్లు సున్నా దగ్గరే ఉంది. అంగుళం కాదు గదా, వెంట్రుకవాసి కదల్లేదు.

"ఇంజిన్ తిరుగుతోంది. మీ చెవికి తెలుస్తోంది, నా చెవికి తెలుస్తోంది. ముల్లుకి తెలియట్లేదు" అన్నారు మేస్త్రి.

ఆ ఒక్క మాటతో రోమాలు నిక్కబొడుచుకున్నాయి నాకు. మామూలు బండిలో సెల్ఫ్ తిరిగేటప్పుడు ఆ ముల్లు రెండొందల దాకా లేచి అల్లాడుతుంది. ఇన్నేళ్లు నా కళ్ల ముందు అల్లాడుతూనే ఉందన్నమాట! కొన్ని కార్ల మీటర్లు అంత తక్కువ వేగాన్ని చూపించవు, కొన్నింటికి అసలు ముల్లే ఉండదు. అందుకని స్టీరింగ్ కింద మోకాళ్ల దగ్గర ఉండే 16 పిన్నుల సాకెట్‌కి స్కానర్ తగిలించి కూడా చూశారు. సెల్ఫ్ తిరుగుతుండగా ఆర్‌పీఎం సున్నా. తాళం గుర్తున్న లైటు మామూలుగా వెలిగి ఆరిపోయింది, అంటే తాళం పేచీ లేదు. స్కానర్ మాట్లాడుతోందంటే ఈసీఎంకి కరెంటు ఉన్నట్టే. ఇక మిగిలింది ఒక్కటే, క్రాంక్ సెన్సర్.

ఈ క్రాంక్ సెన్సర్ గురించి నేను ఎంత చెప్పినా తక్కువే. క్రాంక్ షాఫ్ట్‌తో పాటు తిరిగే ఒక పళ్ల చక్రం ఉంటుంది. చాలా కార్లలో దాని చుట్టూ 60 పళ్లకి చోటుంటుంది, కానీ 58 పళ్లే ఉంటాయి. రెండు పళ్లు కావాలనే వదిలేస్తారు. కొన్ని ఇంజిన్లలో 36కి 35 పళ్లుంటాయి. చక్రం పక్కనే బొటనవేలంత సెన్సర్ ఉంటుంది. అది చక్రాన్ని తాకదు. లోపల అయస్కాంతం, దాని చుట్టూ తీగ. ఒక్కో పన్ను దాటినప్పుడల్లా తీగలో చిన్న కరెంటు అల పుడుతుంది. ఇంకో రకం సెన్సర్లు 1879లో ఎడ్విన్ హాల్ కనిపెట్టిన సూత్రం మీద పనిచేస్తాయి. 60 చోట్ల చక్రంలో పన్నుకి 6 డిగ్రీలు. ఈసీఎం పళ్లు లెక్కపెడుతూ ఉంటుంది. మరి ఎక్కడి నుంచి లెక్క? జపమాలలో మేరుపూస ఎందుకుంటుందో ఆ ఖాళీ అందుకే ఉంది. కళ్లు మూసుకుని జపం చేస్తున్నా వేలికి మేరుపూస తగలగానే ఒక చుట్టు పూర్తయిందని తెలుస్తుంది. అలాగే ఆ రెండు పళ్ల ఖాళీ దాటగానే ఈసీఎంకి పిస్టన్ ఎక్కడుందో తెలిసిపోతుంది. అక్కడి నుంచి పళ్లు లెక్కపెట్టుకుంటూ, పిస్టన్ పైకి చేరడానికి కాస్త ముందు రవ్వ వేయిస్తుంది.

సెల్ఫ్ తిరిగేటప్పుడు సెకనుకి 4 చుట్లు, అంటే 232 పళ్లు. హైవే మీద 6,000 ఆర్‌పీఎంకి లాగితే సెకనుకి 100 చుట్లు, 5,800 పళ్లు. ఒక్కటీ తప్పకుండా లెక్కపెడుతూ, ఒక్కో చుట్టుకీ ఖాళీని గుర్తుపడుతూ, రవ్వ వేళ నిర్ణయిస్తూ పోతుంది. మనం పాటలు వింటూ వెళ్తుంటాం, కాళ్ల ముందు ఈ లెక్క జరుగుతూ ఉంటుంది!

క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితేగానీ ఒక సిలిండర్ పని పూర్తికాదు. పిస్టన్ పైకి వచ్చిందని తెలిస్తే చాలదు, ఇది గాలిని అణిచిన రాకా, పొగని తోసేసిన రాకా అన్నది కూడా తెలియాలి. దాన్ని చెప్పేది క్యామ్ సెన్సర్. వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది కాబట్టి రెండు చుట్లకి ఒకసారి కబురు పంపుతుంది. క్యామ్ సెన్సర్ పోయినా చాలా బండ్లు కాస్త ఎక్కువసేపు సెల్ఫ్ తిప్పించుకుని ఎలాగో స్టార్టవుతాయి. క్రాంక్ సెన్సర్ పోతే మాత్రం కదలవు. పళ్ల లెక్క అందకపోతే ఈసీఎం దృష్టిలో ఇంజిన్ తిరగడమే లేదు. తిరగని ఇంజిన్‌కి రవ్వ ఎందుకు, పెట్రోల్ ఎందుకు? రెండూ ఆపేస్తుంది. దాని తర్కం అక్షరాలా సరైనదే.

స్కానర్ గురించి ఒక మాట చెప్పాలి. స్కానర్ పెడితే తప్పేమిటో అదే చెప్పేస్తుందని అనుకుంటాం. క్రాంక్ సెన్సర్ తప్పుకి పీ0335 అని కోడు ఉంది, క్యామ్‌కి పీ0340 ఉంది. అయినా మా బండిలో స్కానర్ ఏ కోడూ చూపించలేదు! ఎందుకంటే ఈసీఎం లెక్కలో తప్పు జరగలేదు. పళ్లు కదల్లేదు, కాబట్టి ఇంజిన్ ఆగి ఉంది, అంతే. సెల్ఫ్ తిరుగుతోందని బయట నిలబడ్డ మనిషికి తెలుసు, దానికి తెలియదు. కోడు కోసం చూసే మనిషి ఇక్కడ ఓడిపోతాడు. సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం అంకె చూడాలని తెలిసిన మనిషి గెలుస్తాడు. యంత్రం ఎంత ఎదిగినా, దాన్ని ఏం అడగాలో తెలిసిన మనిషి కావాల్సిందే.

ఇంకా నమ్మకం చాలక మేస్త్రి కనెక్టర్ ఊడదీసి మీటరు పెట్టారు. వేడి మీద సెన్సర్ తీగలో దారే లేదు, లోపల తెగినట్టు చూపించింది. చల్లారనిచ్చి మళ్లీ పెడితే ఓమ్స్ చూపించింది. వేడికి వ్యాకోచించి విడిపోతోంది, చల్లారితే కలుస్తోంది. అరగంట చెట్టు కింద కూర్చుంటే బండి ఎందుకు స్టార్టయ్యేదో కళ్లారా చూశాను. వైర్లు కూడా చివరి దాకా తడిమారు. మన ఊళ్లలో ఎలకలు వైర్లు కొరకడం మహా మామూలు, సెన్సర్ బాగుండి వైరు తెగిన బండ్లు ఆయన చేతికి చాలా వచ్చాయట. మా బండి వైర్లు బాగున్నాయి. చిన్న సెన్సర్, ఒక్క బోల్టు. మార్చగానే సెల్ఫ్ తగిలీ తగలకముందే ఇంజిన్ అందుకుంది. మళ్లీ వేడెక్కించి, మళ్లీ టీ తాగి, మళ్లీ స్టార్ట్ చేసి చూపించాకే తాళం నా చేతికిచ్చారు.

తాళం సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. ఇమొబిలైజర్ ఉన్న కార్ల తాళం తలలో బ్యాటరీ అక్కర్లేని చిన్న చిప్పు ఉంటుంది. తాళం పెట్టే రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట దానికి గాల్లోంచే శక్తినిస్తుంది, ఆ శక్తితోనే చిప్పు తన గుర్తు చెబుతుంది. గుర్తు కలవకపోతే కొన్ని బండ్లలో సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజిన్ అందుకోదు, లేదా అందుకుని రెండు సెకన్లలో ఆగిపోతుంది. మీటర్లో తాళం బొమ్మ మినుకుతూ ఉంటుంది. అప్పుడు రెండో తాళంతో ప్రయత్నించడం మొదటి పని.

డీజిల్ బండ్ల దారి వేరు. అక్కడ రవ్వే లేదు, గాలిని అణిచిన వేడికే డీజిల్ మండుతుంది. పైపులో గాలి చొరబడితే చాలు, ఎంత తిప్పినా అందుకోదు. చేతిపంపు కొట్టి గాలి తీస్తుంటారు, లారీల దగ్గర మీరూ చూసే ఉంటారు. అంబాసిడర్ నడిపిన పెద్దవాళ్లని అడిగితే ఎండాకాలం పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసిన కథలు చెబుతారు. వేడికి పైపులో పెట్రోల్ ఆవిరై దారి మూసేస్తే, చల్లబరిచి మళ్లీ ద్రవం చేయడమన్నమాట. పాయింట్లకి ఉప్పుకాగితం రుద్దడం కూడా రవ్వ కోసం చేసిన వైద్యమే. బండ్లు మారాయి, ప్రశ్నలు మారలేదు.

ఇంటికొచ్చి చదువుతుంటే ఇంకో సంగతి దొరికి ఎగిరి గంతేశాను. 1912 క్యాడిలాక్ కారుకి మొదటిసారి ఎలక్ట్రిక్ సెల్ఫ్ అమర్చింది చార్లెస్ కెటరింగ్ అనే అమెరికన్ ఇంజినీరు. అంతకుముందు హ్యాండిల్ తిప్పి చేతులు విరగ్గొట్టుకునేవాళ్లు. అదే కెటరింగ్ దానికి కొద్దిగా ముందే బ్యాటరీ, కాయిల్, పాయింట్లతో రవ్వ పుట్టించే పద్ధతిని కూడా కార్లకి ఇచ్చాడు. మన అంబాసిడర్ల దాకా నడిచింది ఆ పద్ధతే. ఇంజిన్ని తిప్పేదీ ఆయనే ఇచ్చాడు, ఇంజిన్ని వెలిగించేదీ ఆయనే ఇచ్చాడు!

మీ బండికి ఇలా జరిగితే పది సెకన్లకి మించి ఆపకుండా సెల్ఫ్ కొట్టకండి, మధ్యలో కాసేపు విరామం ఇవ్వండి. మోటారు వేడెక్కుతుంది, మండని పెట్రోల్ పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌కి చేరి దాన్ని పాడుచేస్తుంది. మెకానిక్‌కి ఫోన్ చేసినప్పుడు "స్టార్ట్ కావట్లేదు" అని ఊరుకోకుండా, సెల్ఫ్ ఏ వేగంతో తిరిగిందో, ముల్లు కదిలిందో లేదో, వెనక సీటు కింద చప్పుడు వచ్చిందో లేదో, వేడి మీద ఆగిందో చల్లటి మీద ఆగిందో చెప్పండి. ఆయన సరైన పనిముట్లతో వస్తారు.

మా మేస్త్రి సెన్సర్ ధర ఎంతో అంతే తీసుకున్నారు. మూడు గంటలు కూర్చుని వెతికినందుకు ఇంతని అడగడానికి మొహమాటపడ్డారు. పార్టుకి బిల్లుంటుంది, వెతుకులాటకి బిల్లుండదు. అందుకే చాలామంది వెతకడం మానేసి పార్టులు మార్చుకుంటూ పోతున్నారు, ఆ ఖర్చు మన నెత్తినే పడుతోంది. దయచేసి, వెతికి తప్పు పట్టుకున్న మెకానిక్‌కి ఆ వెతికిన పనికి విడిగా కూలి ఇవ్వండి. ఆయన అడక్కపోయినా ఇవ్వండి.